పాస్‌పోర్టు సరే, పర్సు సర్దారా? విశాఖ నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లు డబ్బు, కార్డులు ఎలా వాడుకోవాలి

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గరా, పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్ట దగ్గరా ఫోన్ తీసి స్కాన్ చేయడం మనకి బాగా అలవాటైపోయింది. జేబులో పర్సు ఉందో లేదో కూడా చూసుకోకుండా ఇంట్లోంచి బయల్దేరుతున్నాం. ఇదే అలవాటుతో విమానం ఎక్కితే మాత్రం దిగిన గంటలోపే చిక్కుల్లో పడతాం.

మా అన్నయ్యా వదినా మొదటిసారి సింగపూర్ వెళ్లినప్పుడు అదే జరిగింది. రాత్రిపూట హోటల్‌కి చేరారు. డిపాజిట్ కట్టమన్నారు. అన్నయ్య డెబిట్ కార్డు ఇస్తే మిషన్ తీసుకోలేదు. ఖాతాలో డబ్బు దండిగా ఉంది, కానీ ఆ కార్డుకి విదేశాల్లో వాడే అనుమతి ఆన్ చేయలేదు. సరే, యాప్‌లో ఆన్ చేద్దామంటే ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చే మన సిమ్ తీసేసి, ఎయిర్‌పోర్టులో కొన్న సిమ్ వేసేశాడు. తీసింది ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. చివరికి వదిన రొంటిన దోపుకున్న డాలర్లే ఆ రాత్రి గట్టెక్కించాయి.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు బయల్దేరినా ముందు వాళ్లని కూర్చోబెట్టి ఈ విషయాలన్నీ చెప్పడం నా పనైంది. డబ్బు దగ్గర చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు విశాఖలో ఉండగానే అయిపోవాలి. అక్కడికి వెళ్లాక మిగిలేది కౌంటర్ దగ్గర మిషన్ తెర చదివి సరైన బటన్ నొక్కడమే. అందుకే ఇక్కడి పనుల గురించే ఎక్కువ చెబుతున్నాను.

మొదటి పని: కార్డులకు అనుమతి (బయల్దేరడానికి రెండు వారాల ముందు)

రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోని ఏటీఎంలు, స్వైప్ మిషన్లలో మాత్రమే పనిచేస్తాయి. విదేశాల్లో వాడటం, ఆన్‌లైన్‌లో వాడటం, ట్యాప్ చేయడం, ఇవన్నీ మనమే ఆన్ చేసుకోవాలి. మీ బ్యాంకు యాప్ తెరిచి కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. దేశీయం, అంతర్జాతీయం అని రెండు భాగాలు కనిపిస్తాయి. అంతర్జాతీయం కింద ఏటీఎంకి, దుకాణంలో స్వైప్‌కి, ట్యాప్‌కి, ఆన్‌లైన్‌కి వేర్వేరు మీటలుంటాయి. చాలామంది ఒకటి ఆన్ చేసి పని అయిపోయిందనుకుంటారు. నాలుగూ చూడండి. ఒక్కోదానికి రోజువారీ లిమిట్ కూడా ఉంటుంది. అది రెండు వేల రూపాయల మీద ఉండిపోతే మీట ఆన్ చేసినా లాభం లేదు.

కార్డు ముందు వెనకలు కూడా ఒకసారి చదవండి. భారతదేశంలో మాత్రమే చెల్లుతుందని ముద్రించి ఉంటే ఆ కార్డు ఇంట్లోనే వదిలేయండి. రూపే కార్డుల్లోనూ రెండు రకాలున్నాయి. దేశంలో మాత్రమే పనిచేసేవి కొన్ని, డిస్కవర్, డైనర్స్, జేసీబీ నెట్‌వర్క్‌లతో ఒప్పందం వల్ల బయట కూడా పనిచేసేవి కొన్ని. బయట పనిచేసే రకమైనా ప్రతి చిన్న దుకాణంలో తీసుకుంటారన్న నమ్మకం లేదు. కాబట్టి వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ కనీసం ఒకటి దగ్గరుండాలి.

పిన్ గుర్తుందా? ఇక్కడ ట్యాప్ చేసి చేసి క్రెడిట్ కార్డు పిన్ మర్చిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో ఏదో ఒక షాపులో ఆ పిన్ కొట్టి చూసుకోండి. పనిచేయకపోతే మార్చుకోవడానికి ఇంకా రెండు వారాల టైమ్ ఉంది.

ఇక సిమ్. మన నంబరు మీద రోమింగ్ పెట్టించుకోండి. డేటా ప్యాక్ ఖరీదనిపిస్తే డేటా వద్దు, ఎస్సెమ్మెస్‌లు వచ్చేలా ఉంటే చాలు. అక్కడి డేటా కోసం ఈ-సిమ్ (చిప్ లేకుండా ఫోన్లోనే పనిచేసే సిమ్) వేసుకుంటే మన సిమ్ ఫోన్లోంచి తీయాల్సిన పనే ఉండదు. మీ ఫోన్ ఈ-సిమ్ తీసుకోదా? అయితే పిల్లల పాత ఫోన్ ఒకటి పట్టుకెళ్లి, అక్కడి సిమ్ దాంట్లో వేయండి. మీ సిమ్ మాత్రం మీ ఫోన్‌లోనే ఉండనివ్వండి.

రెండో పని: ఏ డబ్బుతో ఏ ఖర్చు

క్రెడిట్ కార్డు, ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు, నోట్లు. ఈ నాలుగింటిలో ఏది మంచిదని అడుగుతారు. ఒక్కోటి ఒక్కో పనికి మంచిది.

క్రెడిట్ కార్డు హోటల్ డిపాజిట్‌కి, అద్దె కారుకి, పెద్ద బిల్లులకి. హోటల్ వాళ్లు చెకిన్ అప్పుడు కొంత సొమ్ము హోల్డ్ చేస్తారు, అంటే తాత్కాలికంగా ఆపి ఉంచుతారు. క్రెడిట్ కార్డులో అయితే లిమిట్ తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే మీ అసలు డబ్బే ఇరుక్కుంటుంది. చెకౌట్ అయ్యాక అది తిరిగి రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. అయిదు రోజుల ట్రిప్‌లో 200 డాలర్లు అలా ఇరుక్కుంటే ఎంత టెన్షనో ఊహించుకోండి.

దీనికి ఖర్చు కూడా ఉంది. ఎక్కువ క్రెడిట్ కార్డుల మీద విదేశీ కరెన్సీలో వాడితే 3.5 శాతం మార్కప్ (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు తీసుకునే ఛార్జీ), దాని మీద 18 శాతం జీఎస్‌టీ వేస్తారు. లెక్క కడితే 4.13 శాతం. లక్ష రూపాయలు ఖర్చు పెడితే రూ.4,130 అదనం. 2 శాతం మార్కప్ ఉన్న కార్డులు, అసలు మార్కప్ లేని కార్డులు కూడా దొరుకుతున్నాయి. మీ కార్డుది ఎంతో ఛార్జీల పట్టికలో చూసుకోండి. ఏడాదికోసారైనా బయటికి వెళ్లే అలవాటుంటే మార్కప్ లేని కార్డు ఒకటి తీసుకోవడం మంచిదే. రెండేళ్లకోసారి వెళ్లేవాళ్లకి దానికోసం తాపత్రయం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఫారెక్స్ కార్డు రోజువారీ ఖర్చుకి. ముందే ఆ దేశపు కరెన్సీ నింపుకుంటాం కాబట్టి రూపాయి పడిపోయినా మనకి బెంగ లేదు. ఎంత నింపామో అంతే ఖర్చవుతుంది గనుక చెయ్యి కూడా అదుపులో ఉంటుంది. అయితే సింగపూర్ డాలర్లు నింపిన కార్డుని మలేషియాలో గీస్తే రింగిట్లు లేవు కాబట్టి మళ్లీ మార్పిడి ఛార్జీ పడుతుంది. రెండు దేశాలు తిరిగేవాళ్లు రెండు కరెన్సీలూ విడివిడిగా నింపించుకోవాలి. కార్డు తీసుకునేటప్పుడు రెండో కార్డు, అంటే స్పేర్ కార్డు ఇస్తారేమో అడగండి. అది వేరే బ్యాగులో పెట్టుకోవాలి. ఇంట్లో ఉన్నవాళ్లు ఇక్కడినుంచి రీలోడ్ చేసే వీలుందో లేదో కూడా తెలుసుకోండి.

డెబిట్ కార్డు ఆపద్ధర్మానికి. జీతం పడే ఖాతా, ఎఫ్‌డీలున్న ఖాతా కార్డు వద్దు. చిన్న ఖాతా ఏదైనా ఉంటే దాంట్లో 30, 40 వేలు వేసి ఆ కార్డు తీసుకెళ్లండి. పోయినా అంతవరకే పోతుంది.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం మాత్రం వద్దే వద్దు. ఫీజు ఉంటుంది, పైగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మన ఫోన్‌పే, గూగుల్ పే పనిచేయవా అంటారు. కొన్ని చోట్ల పనిచేస్తాయి. భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్‌లో కొన్ని దుకాణాలు యూపీఐ తీసుకుంటున్నాయి. శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఫ్రాన్స్‌లో ఈఫిల్ టవర్ టికెట్లతో మొదలుపెట్టారు. యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ అనే మీట విడిగా ఆన్ చేయాలి. అయితే ఇక్కడిలా ప్రతి బండి దగ్గరా స్కాన్ అవుతుందనుకోకండి. దొరికితే వాడండి, దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్లకండి. సింగపూర్ టీ కొట్టు గోడ మీద క్యూఆర్ కోడ్ చూసి సంబరపడి ఫోన్ తీశాను నేను. అది వాళ్ల దేశపు బ్యాంకు ఖాతాలకు మాత్రమే పనిచేసే కోడ్. టీ అప్పటికే తాగేశాను!

మూడో పని: నోట్లు కొనడం

విశాఖలో ద్వారకానగర్, సిరిపురం చుట్టుపక్కల కరెన్సీ మార్చే సంస్థలున్నాయి. పెద్ద బ్యాంకుల ప్రధాన శాఖల్లోనూ ఇస్తారు. రిజర్వ్ బ్యాంక్ లైసెన్సు ఉన్నచోటే కొనండి. ఎవరో తెలిసినాయన ఇంటికి తెచ్చిస్తానన్నాడని, రేటు అర్ధరూపాయి తక్కువని ఆశపడకండి. దొంగనోటు వస్తే అడిగే దిక్కుండదు, రసీదూ ఉండదు.

పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్, వీసా అవసరమైన దేశమైతే వీసా, వీటి కాపీలు పట్టుకెళ్లండి. కొనే మొత్తం రూ.50,000 లోపైతే నగదు ఇవ్వొచ్చు. అంతకు మించితే ఖాతా నుంచే కట్టాలి. ఎక్కువ దేశాలకు ఒక ప్రయాణానికి మనిషికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ వరకే నోట్ల రూపంలో ఇస్తారు. మిగతాది కార్డులో తీసుకోవచ్చు. అసలు ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల వరకు అనుమతి ఉంది, కాబట్టి మనలాంటివాళ్లకి ఆ గీత దాకా వెళ్లే బెంగ లేదు. మన రూపాయలు రూ.25,000 వరకు వెంట తీసుకెళ్లొచ్చు.

రేటు అడిగే పద్ధతి ఒకటుంది. "డాలర్ ఎంత?" అని అడక్కండి. "300 సింగపూర్ డాలర్లకి అన్నీ కలిపి నా దగ్గర ఎంత తీసుకుంటారు?" అని అడగండి. రేటు తక్కువ చెప్పి సర్వీస్ ఛార్జీ వేసేవాళ్లుంటారు, ఛార్జీ లేదని చెప్పి రేటులో కలిపేసేవాళ్లుంటారు. మొత్తం అంకె అడిగితే రెండూ బయటపడతాయి. ముందు ఫోన్లో ఆ రోజు మార్కెట్ రేటు చూసుకుని వెళ్లండి. ఉదాహరణకి మార్కెట్లో 68 రూపాయలు ఉన్న సింగపూర్ డాలర్‌ని 69.50కి ఇస్తున్నారనుకోండి, అది రెండు శాతం పైచిలుకు తేడా. నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే ఒకరు 69 అంటారు. అదే మీ లాభం.

జీఎస్‌టీ కూడా ఉంటుంది, కానీ తక్కువే. లక్ష రూపాయల వరకు మార్చుకుంటే అందులో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. 68 వేల రూపాయల కరెన్సీ కొంటే సుమారు రూ.122. ఎంత తక్కువ కొన్నా కనీసం రూ.45. ఇంతకంటే ఎక్కువ చూపిస్తే ఎందుకని నిలదీయండి.

టీసీఎస్ అనే మాట కూడా వింటారు. అమ్మేవాళ్లే మన దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను అది. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.10 లక్షలు దాటితేనే కరెన్సీ, ఫారెక్స్ కార్డుల మీద అది పడుతుంది. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే కట్టాలి. ఐటీ రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, కాబట్టి ఏజెంటు దగ్గర రసీదు అడిగి దాచుకోండి.

ఏ కరెన్సీ కొనాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. సింగపూర్‌కి సింగపూర్ డాలర్లే ఇక్కడ కొనేయండి. దుబాయ్‌కి దిర్హామ్‌లే. దిర్హామ్ విలువ అమెరికన్ డాలర్‌కి 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి ఇక్కడ డాలర్లు కొని అక్కడ మార్చుకుంటే రెండుసార్లు కమీషన్ పోవడం తప్ప కలిసొచ్చేదేమీ లేదు. బ్యాంకాక్‌కి వెళ్లేవాళ్లు మొదటి రోజుకి సరిపడా బాట్ ఇక్కడ తీసుకుని, మిగతాది 100 డాలర్ల నోట్లుగా పట్టుకెళ్లి ఊళ్లో మార్చుకుంటే మంచి రేటు వస్తుంది. ఎయిర్‌పోర్టు అరైవల్స్ దగ్గర కౌంటర్లలో కాదు, ఊళ్లో. అక్కడ పెద్ద నోటుకి ఒక రేటు, చిన్న నోటుకి తక్కువ రేటు ఇస్తారు. నలిగినా, పెన్నుతో గీసినా, అంచు చిరిగినా తీసుకోరు. అందుకే ఇక్కడ కొనేటప్పుడే ఒక్కో నోటూ వెలుగులో చూసి తీసుకోండి. కౌంటర్ అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఎన్ని నోట్లు? సింగపూర్‌లో ఇద్దరు, అయిదు రోజులు అంటే నా లెక్కలో 300 సింగపూర్ డాలర్లు చాలు. హాకర్ సెంటర్లలో (చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట్లలో) తిండి, లిటిల్ ఇండియాలో కూరగాయలు, పూలు, చిన్న చిన్న కొనుగోళ్లకి అంతే. తక్కువపడితే అక్కడి పెద్ద షాపు ముస్తఫా సెంటర్ దగ్గర కరెన్సీ మార్చేవాళ్లున్నారు. కొన్నప్పుడు 50, 100 నోట్లే కాకుండా 2, 5, 10 నోట్లు కూడా అడగండి. ఒక చిన్న సంగతి: బ్రూనై డాలర్ సింగపూర్‌లో సమాన విలువకే చెల్లుతుంది. 1967 నుంచి ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. చిల్లరలో బ్రూనై నోటు వస్తే దొంగనోటని కంగారుపడి గొడవపెట్టుకోకండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి ఒక మాట. "మా అబ్బాయి చూసుకుంటాడులే" అని ఒట్టి చేతులతో వెళ్లకండి. ఎయిర్‌పోర్టులో కనెక్షన్ తప్పితే అబ్బాయి ఎక్కడో ఉంటాడు, మీకు ఆకలి వేస్తుంది. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో లగేజీ ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి. మనిషికి 200 డాలర్లు, అందులో సగం 1, 5, 10, 20 నోట్లుగా ఉంచుకోండి. 100 నోటు ఇస్తే చిన్న కొట్లలో మొహం చిట్లిస్తారు. హోటల్లో తింటే బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్ అక్కడి మర్యాద. ఒక్కరే అయినా, కుటుంబమంతా కలిపి అయినా 10,000 డాలర్లకు మించి తీసుకెళ్తే దిగగానే అక్కడి కస్టమ్స్ వాళ్లకి ప్రకటించాలి. సింగపూర్‌లో ఆ గీత 20,000 సింగపూర్ డాలర్లు.

నాలుగో పని: సర్దడం

పర్సులో ఆ రోజు ఖర్చు, ఒక కార్డు. వేరే బ్యాగులో రెండో కార్డు, కొన్ని నోట్లు. హోటల్ లాకర్లో మిగతావి. దంపతులైతే ఇద్దరి దగ్గరా చెరో రకం కార్డు. ఇద్దరి కార్డులూ ఒకే ఖాతావైతే ఒకటి బ్లాక్ చేయించినప్పుడు రెండోది కూడా ఆగిపోవచ్చు, కాబట్టి వేర్వేరు బ్యాంకులవి ఉంటే మేలు. చెకిన్ లగేజీలో డబ్బు పెట్టకండి.

చిన్న కాగితం మీద బ్యాంకుల అంతర్జాతీయ హెల్ప్‌లైన్ నంబర్లు రాసుకోండి. 1800తో మొదలయ్యే నంబర్లు బయటినుంచి కలవకపోవచ్చు, +91తో మొదలయ్యేది కావాలి. కార్డు నంబరు చివరి నాలుగు అంకెలు చాలు, పిన్ మాత్రం రాయొద్దు. ఆ కాగితం ఫోన్ కవరు వెనక పెడితే ఫోన్‌తో పాటే పోతుంది. పాస్‌పోర్టు దగ్గరా వద్దు. చెప్పులు పెట్టే సంచిలో పెట్టండి, ఎవరూ ముట్టుకోరు.

తిరుగు ప్రయాణం కోసం రెండు మూడు వేల రూపాయలు విడిగా ఒక కవర్లో ఉంచండి. రాత్రి విశాఖ ఎయిర్‌పోర్టులో దిగి, ఫోన్ చార్జింగ్ అయిపోయి, ఎన్‌ఏడీ జంక్షన్ దాకా ఆటోకి రూపాయలు లేక నిలబడటం చాలా చిరాకు.

అయిదో పని: అక్కడి మిషన్ ముందు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పైగా దొంగల చేతిలో కాదు, తమ చేత్తోనే.

దుకాణంలో కార్డు గీస్తారు. మిషన్ తెర మీద రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి ఆ దేశపు కరెన్సీలో, రెండోది రూపాయల్లో. "మీ సొంత కరెన్సీలో కట్టండి, రేటు ఇక్కడే ఖాయం" అని ఊరిస్తుంది. రూపాయలంటే మనకి అర్థమయ్యే లెక్క కదా, వేలు అటే వెళ్తుంది. నేను మొదటిసారి సరిగ్గా ఇదే చేశాను.

దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మార్పిడి మీ బ్యాంకు కాకుండా ఆ దుకాణం వైపు సంస్థ చేస్తుంది, తన లాభం కలుపుకుని. 100 సింగపూర్ డాలర్ల బిల్లు అనుకోండి. డాలర్ 68 అయితే 6,800 రూపాయలు. డాలర్లలో కడితే మీ కార్డు మార్కప్ 4.13 శాతం కలిపి దాదాపు 7,081 అవుతుంది. అదే రూపాయల్లో కట్టే బటన్ నొక్కి, మిషన్ 6 శాతం కలుపుకుంటే 7,208. ఇంతటితో ఆగదు. విదేశీ దుకాణంలో రూపాయల్లో కట్టినా కొన్ని బ్యాంకులు మళ్లీ విడిగా ఫీజు వేస్తాయి. మార్కప్ లేని కార్డున్నవాళ్లకైతే ఆ కార్డు తీసుకున్న ప్రయోజనమంతా ఒక్క బటన్‌తో పోతుంది.

కాబట్టి ఎప్పుడూ, ఎక్కడైనా, ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. క్యాషియర్ మిమ్మల్ని అడక్కుండా తనే నొక్కేయొచ్చు. అందుకే కార్డు ఇచ్చేటప్పుడే "సింగపూర్ డాలర్స్ ప్లీజ్" అనేయండి. బిల్లు వచ్చాక చూడండి. రూపాయల్లో ఉంటే సంతకం పెట్టకుండా రద్దు చేసి మళ్లీ గీయమనండి. అది మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. వెనక క్యూలో పదిమంది ఉన్నా సరే.

ఏటీఎంలోనూ ఇదే నాటకం. అక్కడ ఇంకో రకంగా అడుగుతుంది: "ఈ మార్పిడి రేటుకి ఒప్పుకుంటారా?" ఒప్పుకోను అని నొక్కితే లావాదేవీ రద్దవుతుందేమోనని భయపడతాం. కాదు. చాలా మిషన్లలో మార్పిడి లేకుండా డబ్బు వస్తుంది. నిజంగానే రద్దయితే పక్క బ్యాంకు ఏటీఎంకి వెళ్లండి. బ్యాంకు శాఖకి ఆనుకుని ఉన్న ఏటీఎం, పగటిపూట అయితే ఇంకా మంచిది. కార్డు మింగేసినా లోపలికి వెళ్లి అడగొచ్చు.

ప్రతి విత్‌డ్రాయల్‌కి అక్కడి బ్యాంకు ఫీజు, మన బ్యాంకు ఫీజు రెండూ పడొచ్చు. థాయ్‌లాండ్‌లో అయితే విదేశీ కార్డుకి ఒక్కసారి తీసినందుకు సుమారు 220 నుంచి 250 బాట్ అక్కడి బ్యాంకే తీసుకుంటుంది. 1,000 బాట్ తీసినా అంతే, 15,000 తీసినా అంతే. తీస్తే ఒకేసారి తీయండి.

రైలు, బస్సు సంగతి. సింగపూర్ మెట్రో రైలు ఎంఆర్‌టీలో టికెట్ అక్కర్లేకుండా వీసా, మాస్టర్‌కార్డ్ గేటు దగ్గర ట్యాప్ చేసి వెళ్లిపోవచ్చు. ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడు అదే తాకించాలి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. పర్సులో రెండు కార్డులు పెట్టి పర్సునే తాకిస్తే ఏది లెక్కలోకి పోతుందో దేవుడికే తెలియాలి, కార్డు బయటికి తీయండి. విదేశీ కార్డుకి రోజుకి కొద్దిపాటి అడ్మిన్ ఫీజు పడొచ్చు.

అమెరికాలో పెట్రోలు బంకు మిషన్ మీ జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) అడుగుతుంది. మన కార్డులకి అక్కడి జిప్ కోడ్ ఉండదు కదా, తిరస్కరిస్తుంది. లోపల క్యాషియర్ దగ్గరికి వెళ్లి పంపు నంబరు చెప్పి కట్టేయండి.

వియత్నాం వెళ్తే నోట్లు ఇచ్చేముందు సున్నాలు లెక్కపెట్టుకోండి. 20,000 డాంగ్ నోటూ నీలమే, 5,00,000 డాంగ్ నోటూ నీలమే. రాత్రి ట్యాక్సీలో దీపం లేకుండా ఇచ్చారంటే ఒక కాఫీ డబ్బులకి బదులు ఒక పూట హోటల్ డబ్బులు వెళ్లిపోతాయి. ఆ రెండు నోట్లు పర్సులో వేర్వేరు అరల్లో పెట్టుకోవడమే మందు.

కార్డు పోతే

ముందు పోలీసు స్టేషన్ కాదు, ముందు యాప్. కార్డు బ్లాక్ చేయండి, లేదా కాగితం మీద రాసుకున్న నంబరుకి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీ తప్పు లేకుండా మూడో వ్యక్తి వల్ల మోసం జరిగితే, బ్యాంకు సందేశం వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017లో నిబంధన పెట్టింది. ఆలస్యమైన కొద్దీ మీ వాటా పెరుగుతుంది. ఊరు తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి ఆ గడువు దాటిపోతుంది. ఎస్సెమ్మెస్‌లు వచ్చే సిమ్ ఫోన్లో ఉండాలని ముందు చెప్పింది ఇందుక్కూడా. మీరు గీయని బిల్లు మీకు తెలిసేది ఆ ఎస్సెమ్మెస్ ద్వారానే.

తిరిగొచ్చాక

చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు. విమానం ఎక్కేముందే ఖర్చుపెట్టేయండి. చాక్లెట్ కొనేటప్పుడు ఉన్న నాణేలన్నీ ఇచ్చి మిగతాది కార్డు మీద తీసుకోమంటే చాలా షాపుల్లో ఒప్పుకుంటారు.

నోట్లు మిగిలితే 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినది తిరిగొచ్చిన 180 రోజుల్లో అమ్మేయాలి. కొన్నప్పటి రసీదు ఉంటే అమ్మడం తేలిక. మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే 100, 200 డాలర్లు అమ్మకపోవడమే మేలు, అమ్మే రేటుకీ కొనే రేటుకీ మధ్య మనమే నష్టపోతాం. మా వదిన మిగిలిన సింగపూర్ నోట్లు బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది.

ఫారెక్స్ కార్డులో మిగిలిన డబ్బు అలాగే వదిలేస్తే కొన్ని కార్డులకి వాడనందుకు ఛార్జీ పడుతుంది. నియమాలు చదివి, అక్కర్లేదనుకుంటే ఖాతాలోకి మార్పించుకోండి. కార్డుల అంతర్జాతీయ మీటలన్నీ మళ్లీ ఆఫ్ చేయండి.

స్టేట్‌మెంట్‌ని రెండు నెలలు గమనించండి. గీసిన రోజు వచ్చిన ఎస్సెమ్మెస్‌లోని రూపాయల అంకెకీ, చివరికి పడ్డ అంకెకీ కొద్దిగా తేడా ఉంటే కంగారు వద్దు. లెక్క ఖరారయ్యేది రెండు మూడు రోజుల తర్వాత, ఆనాటి రేటుకి. కానీ హోటల్ ఖాళీ చేశాక వాళ్ల పేరు మీద కొత్త బిల్లు కనిపిస్తే, లేదా డిపాజిట్ హోల్డ్ నెల దాటినా అలాగే ఉంటే, చెకౌట్ బిల్లు ఫొటో జతచేసి హోటల్‌కి ఒకటి, బ్యాంకుకి ఒకటి మెయిల్ పెట్టండి. అందుకే చెకౌట్ బిల్లు చెత్తబుట్టలో వేయకుండా ఫొటో తీసుకుని ఉంచుకోవాలి.